మూసి నా చేతికియ్యి

మా ఇంటి ముందు గదిలో అంగన్‌వాడీ నడుస్తూ తొమ్మిదేళ్లయింది. అందులో ఎనిమిదేళ్లు నేను ఓబులమ్మ టీచరును ఎగతాళి చేస్తూనే గడిపాను. ఇప్పుడు మానేశాను. ఎవరింట్లోనైనా సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి అక్కడ పసిపిల్లలెవరైనా ఉన్నారేమో చూసి వస్తాను. మా ఆయన నాగేశ్వరయ్య "నీకేందో పట్టుకుండాది అనసూయా" అంటాడు. నిజమే, భయం పట్టుకుంది.

మాది కోయిలకుంట్ల దగ్గరి ఊరు. నల్లరేగడి నేల, నాపరాళ్ల ఇళ్లు. ఊరంతా శనగ వేస్తుంది కాబట్టి ఊరందరికీ మా అంగడితో పని ఉంటుంది. ఎరువులు, విత్తనాలు, పురుగుల మందులు అమ్ముతాం. శెట్టిగారింట్లో ఖాళీ డబ్బా కూడా బయటికి రాదని ఊళ్లో అంటారు. ఆ మాట నన్ను చూసే పుట్టింది. నేను ఏదీ పారేయను. ఓబులమ్మకూ నాకూ స్నేహం కుదిరింది ఆ డబ్బాల దగ్గరే.

ఓబులమ్మ పుట్టిల్లు అహోబిలం కింది పల్లె. మనిషి ఎత్తు, మాట తక్కువ. మొగుడు నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర పనిచేస్తాడు. ఆమె పదో తరగతి పాసై, పెళ్లయిన నాలుగేళ్లకు ఈ ఉద్యోగం తెచ్చుకుంది. గుడ్లు పంచడం, పాలు పంచడం, పిల్లల్ని తూకం వేసి రాసుకోవడం అందరు టీచర్లూ చేసేదే. ఆమె సొంతంగా పెట్టిన పని ఒకటుంది. దానికి మా ఊళ్లో మూతలాట అని పేరు.

ఆ ఆట ఇట్లా ఉంటుంది. నెయ్యి డబ్బా, పాలపొడి డబ్బా, ఇంగువ డబ్బా, తిప్పే మూతల సీసాలు ఒక వరసలో పెడుతుంది. రెండు మూడేళ్ల పిల్లలు చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా. మూత వాళ్లే తీయాలి. లోపల రెండు చెంచాల నీళ్లు పోసుకోవాలి. మళ్లీ వాళ్లే మూయాలి. మూశాక డబ్బాను నెత్తిమీద తలకిందులుగా పట్టుకోవాలి. నీళ్లు కారి నెత్తి తడిస్తే ఓడినట్టు, అందరూ పకపకా నవ్వుతారు, మళ్లీ మొదలుపెట్టాలి. కారకపోతే గెలిచినట్టు. గెలిచిన డబ్బాను టీచరు చేతిలో పెట్టాలి. "మూసి నా చేతికియ్యి" అనే మాట రోజుకు వందసార్లు మా ముందు గదిలోంచి వినపడేది.

ఇంతసేపూ టీచరు ఏం చేస్తుందంటే, ఏమీ చేయదు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది. ఒక పిల్ల మూత రాక ఏడుపు మొహం పెడుతుంది, ఇంకొకడు బోర్లించిన మూతను అట్లాగే గుద్దుతుంటాడు. ఈమె చేయి బయటికి తీయదు. "అట్ల రాలేదా. ఇంగెట్ల జేస్తావు?" అని మాత్రం అడుగుతుంది. నాకు చూస్తుంటే చేతులు దురద పెట్టేవి.

"ఏమ్మా, చేతులు తాకట్టు పెట్టినావా? తీసిస్తే నీ సొమ్మేం పోతాది?" అని గడపలోంచి అనేదాన్ని.

"నేను తీసిస్తే మూత వస్తాదక్కా. వానికేం వస్తాది?" అనేది.

నాపరాళ్ల బండలు నీళ్లతో తడిసి చిత్తడైపోతున్నాయని రోజూ సణిగేదాన్ని. సణుగుతూనే ఇంట్లో డబ్బాలన్నీ తెచ్చి ఇచ్చేదాన్ని. ఇవ్వడంలో నాకొక గొప్ప.

ఆ పిల్లల్లో భూపేష్ అని ఒకడు. వెంకటేశ్వర్లన్న మనవడు. వాళ్లిల్లు మాకు నాలుగిళ్ల అవతల. వాడికి అప్పటికి రెండేళ్ల పది నెలలు. ఏ డబ్బా ఇచ్చినా వదిలేవాడు కాదు. మిగతా పిల్లలు పాలు తాగడానికి లేచిపోయినా వాడు మాత్రం మూతతో కుస్తీ పడుతూ ఉండేవాడు. వాడిలో ఒక్కటే తేడా. ఉలిక్కిపడితే చేతిలో ఏముంటే అది నోట్లో పెట్టుకుంటాడు. దీపావళి టపాకాయ పేలితే సబ్బుబిళ్ల కొరికాడు. ఒకసారి బయట ట్రాక్టరు హారన్ మోగితే బలపం ముక్క మింగబోయాడు, ఓబులమ్మ ఒడుపుగా బయటికి తీసింది. ఆనాటి నుంచి వాడి ముందు గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

కార్తీకం వెళ్లిన తర్వాత ఒక కంపెనీ ఏజెంటు వచ్చి మా అంగట్లో కొత్త మందు సీసా ఒకటి పెట్టిపోయాడు. చూపించడానికి పెట్టే ఉత్త సీసా. ఆకుపచ్చది, చూడ ముచ్చటగా ఉంది. దాని మూత పైనుంచి నొక్కి పట్టుకుని తిప్పితేనే వస్తుంది, ఊరికే తిప్పితే టకటకమని తిరుగుతుంది కానీ రాదు. పిల్లలు తీయకుండా అట్లా చేస్తారట. మా ఆయన రెండు నిమిషాలు తిప్పి విసుక్కుని పక్కన పెట్టాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నేను దాన్ని తీసుకుని ముందు గదిలోకి పోయాను.

"ఇదో ఓబులమ్మా, నీ పిల్లోళ్లకు మంచి లెక్క. దీని మూత పెద్దోళ్లకే రాదు."

ఆమె అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మందు సీసా కదక్కా."

"దీంట్లో మందు పొయ్యనే లేదు. అంగట్లో చూపిచ్చేకి ఇచ్చినారు. ఖాళీ సీసాలో విషముంటాదా?"

"దీంట్లో లేదు. ఇట్లాంటిదే ప్రతి ఇంట్లో ఉండాది, దాంట్లో ఉంటాది. వద్దక్కా. తినేవి పెట్టిన డబ్బాలే సాలు మాకు."

మెల్లగానే అంది. కానీ అక్కడున్న ఇద్దరు తల్లుల ముందు అంది. నేనిచ్చింది వద్దన్నవాళ్లు ఊళ్లో లేరు. నా ముఖం మాడిపోయింది. సీసా తీసుకుని వచ్చేశాను.

వచ్చేసి ఊరుకుంటే ఈ కథే లేదు. వారం తిరగకుండా ఓబులమ్మకు మండలం ఆఫీసులో మీటింగు పడింది. ఆయా వంట దగ్గర ఉంది. "రవ్వంత సేపు పిల్లోళ్లను సూస్తాండక్కా" అని చెప్పి ఓబులమ్మ బస్సెక్కింది. నేను లోపలికి పోయి ఆ ఆకుపచ్చ సీసా తెచ్చాను. ఎవరికి చూపించాలనో, ఏం గెలవాలనో ఇప్పుడు అడిగితే చెప్పలేను. కోపానికి కళ్లుండవు.

ఐదుగురు పిల్లలకు వరసగా ఇచ్చాను. నలుగురు వదిలేశారు. భూపేష్ వదల్లేదు. తిప్పాడు, కొట్టాడు, కాళ్ల మధ్య ఇరికించుకుని లాగాడు. నేను ఓబులమ్మలా చేతులు కింద పెట్టుకుని కూర్చోలేకపోయాను. ఒకసారి నొక్కి చూపించాను. వాడు సీసాను బండ మీద నిలబెట్టి, రెండు చేతులూ మూత మీద వేసి, తన బరువంతా పెట్టి వంగి తిప్పాడు. వచ్చేసింది. నేను చప్పట్లు కొట్టాను. ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను. పటికబెల్లం ముక్క నోట్లో పెట్టాను. సీసా నేనే మూసి అటక మీద దాచేశాను. సాయంత్రం ఓబులమ్మ వస్తే ఆ సంగతి చెప్పలేదు.

ఇంకో తొమ్మిది రోజులకు, పొద్దున పదకొండు గంటలప్పుడు, భూపేష్ తల్లి స్వర్ణలత పరిగెత్తుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది.

"టీచరమ్మా, మావోడు సామాన్ల గదిలో పోయి గడియ పెట్టుకున్యాడు. పిలిస్తే పలుకుతాండాడు గాని తీయలేకుండాడు. నువ్వు చెప్తే ఇంటాడు, రా తల్లీ."

ఓబులమ్మ పిల్లల్ని ఆయాకు అప్పగించి బయలుదేరింది. ఇట్లాంటివి ప్రతి ఇంట్లో జరిగేవే కదా, చోద్యం చూద్దామని నేనూ వెంట నడిచాను.

వాళ్లది పాత మిద్దె. ఆ సామాన్ల గది ఒకప్పుడు కొత్త జంటకు ఇచ్చే గదట, అందుకే లోపల గడియ. పైన కొయ్య చెదలు తినేస్తే వెంకటేశ్వర్లన్న ఆ గడియను కిందికి దించి మోకాలెత్తులో బిగించాడు. తోస్తే సర్రున పోయి, పిడి గాడిలో పడిపోతుంది. తీయాలంటే పిడిని పైకి ఎత్తి పట్టుకుని పక్కకు లాగాలి. తలుపు రెండంగుళాల మందం టేకు. కిటికీ లేదు. వెలుతురు రావడానికి మిద్దె మీద ఒక గవాచి ఉంది. నడినెత్తిన మూరెడు రంధ్రం, దానికి అడ్డంగా మూడు ఇనుప చువ్వలు.

వెంకటేశ్వర్లన్న నిబ్బరంగానే ఉన్నాడు. శనగకు పచ్చపురుగు పడిందని ముందురోజు మా అంగట్లోనే మందు కొనుక్కుపోయాడు. పొద్దున ఒక ట్యాంకు మందు కొట్టి, మిగిలిన సీసాను ఆ గదిలో స్ప్రేయరు పక్కన నేల మీద పెట్టాడు.

"మందు సీసా లోపలే ఉండాది. భయం లేదులేమ్మా" అన్నాడు కోడలితో. "మూత నొక్కి పట్టి తిప్పాల. నాకే పొద్దున శానాసేపు రాలేదు. పసిబిడ్డకు యాడొస్తాది? పెద్ద ఈరన్నకు చెప్పి పంపినా. గడ్డపార తెచ్చి తలుపు పగలగొడతాడు."

ఆ మాట విని స్వర్ణలత కళ్లు తుడుచుకుంది. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నాకొక్కదానికే ఊపిరాడలేదు.

నేను వెంటనే చెప్పాననుకుంటున్నారేమో. చెప్పలేదు. వాడు మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాను. ఒక్కసారి తీసింది గుర్తుంటుందా అనుకున్నాను. ఈరన్న వచ్చేస్తాడు, తలుపు ఊడొస్తుంది, ఎవరికీ తెలియకుండా పోతుంది అనుకున్నాను. వీధి మలుపులో ఈరన్న కనపడ్డాడు. అక్కడి నుంచి గుమ్మం దాకా అతను నడిచి వచ్చినంతసేపూ నేను నా పరువును చూసుకుంటూ నిలబడ్డాను. ఆ యాభై అడుగులు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు.

ఈరన్న గడ్డపార మొన తలుపు సందులో పెట్టాడు. అప్పుడు నోరు తెరిచాను.

"వానికొస్తాది."

"ఏమొస్తాది శెట్టెమ్మా?" అన్నాడు వెంకటేశ్వర్లన్న.

"ఆ మూత. అట్లాంటిదే ఒట్టి సీసా ఇచ్చి నేనే నేర్పినా. టీచరమ్మ లేనప్పుడు. ఆమె వద్దనింది, నేను ఇన్లేదు."

స్వర్ణలత నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మోయాల్సిందే. ఓబులమ్మ గబుక్కున ఈరన్న చేయి పట్టుకుని గడ్డపార పక్కకు లాగేసింది. నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా, ఒక్కటే అడిగింది.

"తీసినాక మళ్లా మూపిచ్చినావా అక్కా?"

"లేదు" అన్నాను. "నేనే మూసినా."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. ఆ తర్వాత అందరికీ తలా ఒక పని చెప్పింది. "ఎవురూ తలుపు ముట్టుకోవాకండి. ఒక్క దెబ్బ పడిందంటే ఉలిక్కిపడి సీసా నోట్లో పెట్టుకుంటాడు. స్వర్ణా, నోటికి కొంగు అడ్డం పెట్టుకో తల్లీ, ఏడుపు వినపడనీయాకు. అన్నా, నువ్వు నిచ్చెన మింద నిలబడు. అక్కా, నువ్వు మిద్దెక్కి గవాచిలోంచి సూడు. ఆ మూత సంగతి నీకే తెలుసు. నీడ పడనీయాకు, అరవాకు. మూత తీసింటే చెయ్యెత్తు, అన్న నాకు చెప్తాడు."

యాభై ఎనిమిదేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, ఆ నిచ్చెన ఎట్లా ఎక్కానో తెలియదు. మిద్దె మీద బోర్లా పడుకుని చువ్వల పక్కన కన్ను ఆనించాను. ముందు వాసన కొట్టింది. మా అంగట్లో ముప్పై ఏళ్లుగా పీలుస్తున్న వాసనే.

గవాచి వెలుతురు గుండ్రంగా నేల మీద పడుతోంది. ఆ వెలుతురులోనే వాడు కూర్చున్నాడు. కాళ్లు చాపి, కాళ్ల మధ్య సీసా పెట్టుకున్నాడు. మూత వాడి ఎడమచేతిలో ఉంది.

చెయ్యెత్తాను. నిచ్చెన మీద వెంకటేశ్వర్లన్న ముఖం పాలిపోయింది. ఆయన కిందికి తల ఊపాడు.

ఓబులమ్మ తలుపు ముందు కూర్చున్న చప్పుడు వినపడింది. తర్వాత ఆమె గొంతు, రోజూ మా ముందు గదిలోంచి వినపడే అదే గొంతు, అదే మెల్లదనం.

"భూపేషూ, మూతలాట ఆడుదామా?"

"ఊ" అన్నాడు వాడు.

"నీ చేతిలో ఏముండాది నాయనా?"

"చీచా."

"మూత యాడుండాది?"

"ఈల" అని మూత ఎత్తి తలుపుకు చూపించాడు.

"బాగుండాది. మూసి నా చేతికియ్యి."

వాడు మూతను బోర్లించి పెట్టాడు. అది జారి ఒళ్లో పడింది. తీసి మళ్లీ పెట్టాడు. సీసా కొంచెం వంగింది, లోపలి మందు మెడ దాకా వచ్చి ఆగింది. నా గొంతులోంచి ఏదో రాబోతే చీర కొంగు కొరికి పట్టాను. నరసింహస్వామికి ఎన్ని మొక్కులు మొక్కానో లెక్కలేదు. వాడు మూతను సరిగ్గా తిప్పి పెట్టాడు, కానీ ఎడమకు తిప్పాడు. తీసేటప్పుడు తిప్పిన వైపే అది. నేను చూపించింది ఆ వైపే కదా. రెండుసార్లు, మూడుసార్లు, మూత టకటకమంటోందే గాని పట్టడం లేదు.

కింద స్వర్ణలత గుసగుసగా ఏడుస్తోంది. "ఎట్ల తిప్పాల్నో చెప్పు టీచరమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

"నేను చెప్తే సీసా ఆడనే వదిలేసి నా గొంతు వెనకాల వస్తాడు తల్లీ. తెరిచిన సీసా కాలికి తగిలి మింద పడితే? ఆడే మూయాల."

అంతలో వాడితో, "అట్ల రాలేదా. ఇంగెట్ల జేస్తావు?" అంది.

వాడు ఆలోచించాడు. పసివాడు ఆలోచించడం అంతసేపు చూసినదాన్ని నేనే అయి ఉంటాను. పెదవి బయటికి పెట్టి మూత వైపు చూశాడు. వేలితో ముక్కు గోకబోయాడు, నా ప్రాణం పోయింది, మళ్లీ ఆ చెయ్యి కిందికి వచ్చింది. కుడికి తిప్పాడు. మూత వంకరగా పట్టుకుంది. ఇంకోసారి తిప్పాడు.

"మూచినా" అన్నాడు.

అని, రెండు చేతుల్తో సీసా ఎత్తాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, మూశాక ఆటలో ఏం చేయాలో. అదే క్షణంలో కింద ఓబులమ్మకూ గుర్తొచ్చినట్టుంది. మొదటిసారి ఆమె మాట తొందరపడింది.

"ఈ పొద్దు నెత్తిన వద్దు నాయనా. నేరుగా తే."

"నెత్తి" అన్నాడు వాడు మొండిగా. ఆట ఆటే కదా. సీసా వాడి కళ్లు దాటి, నుదురు దాటి పైకి లేచింది. వంకర మూత నాకు కనపడుతోంది. ఒక పక్క సందు ఉంది. వాడు ముఖం పైకెత్తి సీసాను వంచడం మొదలుపెట్టాడు.

అరవద్దని చెప్పింది. ఉలిక్కిపడతాడని తెలుసు. తెలిసీ పిలిచాను. నాలో ఉన్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పిలిచినట్టు పిలిచాను.

"భూపేషూ. నేను శెట్టెమ్మవ్వను. పైకి సూడు."

ఉలిక్కిపడ్డాడు. సీసా సర్రున దిగి గడ్డం దగ్గర ఆగింది. మూత పెదవులకు తగులుతోంది. నేను చువ్వల మధ్య నుంచి చెయ్యి కిందికి వేలాడేశాను. అందదని తెలుసు. వాడికి చెయ్యి కనపడాలి, అంతే.

"మూసినావంట కదా. యాడ, నాకు సూపియ్యి."

నా చెయ్యి వైపు చూశాడు. గుర్తుపట్టాడు. పటికబెల్లం పెట్టిన చెయ్యి. పెదవుల దగ్గర్నుంచి సీసా తీసి, నిటారుగా, రెండు చేతుల్తో నా వైపు ఎత్తి చూపించాడు.

"మూసినావు. నువ్వు గెలిచినావు" అన్నాను. "టీచరమ్మ చేతికియ్యి పో."

గెలిచానని విన్నాక నెత్తి సంగతి మర్చిపోయాడు. సీసా చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. అక్కడ నాకు వాడి నడినెత్తి మాత్రమే కనపడుతోంది. గడియ పట్టుకుని లాగాడు, రాలేదు. తోశాడు, రాలేదు. బయట ఓబులమ్మ ఏమీ అనలేదు. సీసాను నేల మీద నిలబెట్టాడు. ఒక చేత్తో పిడి ఎత్తాడు, వదిలితే పడిపోయింది. మళ్లీ ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి కూడా తెచ్చి పక్కకు లాగాడు. గడియ సర్రుమంది. వంగి సీసా తీసుకున్నాడు. వట్టి చేతుల్తో ఎట్లా పోతాడు, ఆమె చేతికి ఇవ్వాలి కదా.

నేను నిచ్చెన దిగి వచ్చేసరికి సీసా ఓబులమ్మ చేతికి వచ్చి, అక్కణ్నుంచి ఈరన్న చేతిలోకి మారింది. ఓబులమ్మ వాడిని ఎత్తుకుని ముద్దులు పెట్టుకోలేదు, ఎవరినీ పెట్టుకోనివ్వలేదు. వేళ్లు నోటికి పోకుండా రెండు మణికట్లూ పట్టుకుని ఉంది. బట్టలు ఊడదీయించింది, సబ్బుతో చేతులు, ముఖం, ఒళ్లంతా కడిగించింది. నోరు తెరిపించి వాసన చూసింది. ఎవరో ఉప్పునీళ్లు తాపి కక్కించమన్నారు. "ఏమీ తాపొద్దు. డాక్టరు దగ్గరికే" అంది. సీసాను కవర్లో చుట్టి వెంట తీసుకున్నారు, ఏం మందో చూపించాలని.

కోయిలకుంట్లలో డాక్టరు వాడిని మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఉంచుకున్నాడు. వాడు ఆవులిస్తే భయం, నిద్రపోతే భయం, ఒకసారి తుమ్మితే స్వర్ణలత నర్సు కోసం పరిగెత్తింది. నేను వరండాలో కూర్చున్నాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రావద్దనీ అనలేదు. చివరికి ఏమీ లోపలికి పోలేదని డాక్టరు చెప్పాడు. వెంకటేశ్వర్లన్న గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఊళ్లో రెండు రకాలుగా అనుకున్నారు. టీచరమ్మ ఆటలే మూత తీయించాయని కొందరు, ఆ ఆటలే తలుపు తీయించాయని కొందరు. మొదటిమాట అన్నవాళ్లకు నేను గుమ్మం గుమ్మానికీ పోయి, తీయించింది నేనని చెప్పి వచ్చాను. ఇంకొకామె నా మొహం మీదే, "నువ్వు రెండు చేతుల పని నేర్పబట్టే గదా శెట్టెమ్మా, గడియ తీసినాడు" అంది ఓదార్పుగా. నాకు ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను. ఆ పుణ్యం నాకొద్దు.

నాలుగో రోజు ధైర్యం చేసి ఓబులమ్మ దగ్గరికి పోయాను. పిల్లలు ఇళ్లకు పోయారు. ఆమె బండల మీద నీళ్లు తుడుస్తోంది.

"తిట్టు ఓబులమ్మా. తిడితే నాకు నిమ్మళమవుతాది."

"తిట్టేదేముండాదిలే అక్కా" అని గుడ్డ పిండింది. "నెత్తిన పెట్టుకునేది నేర్పింది నేను. నా ఆటే వాన్ని సంపుతాదేమోనని ఆ పొద్దు భయపడినా. ఇంగ నెత్తిన లేదు. తట్ట మింద తలకిందులు చేసేదే."

పిండిన గుడ్డ దులిపి దండెం మీద ఆరేసింది. అప్పుడు ఆమె నా వైపు చూసి, "నీకు తెరిపిచ్చేది వచ్చుక్కా. మూపిచ్చేది నేర్చుకో. రేపు పొద్దున వచ్చి పిల్లోళ్లతో కూర్చో" అంది.

అప్పటి నుంచి పది గంటలకు ముందు గదిలో నా చోటు నాది. అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. ఇంత కష్టమైన పని అంగట్లో ముప్పై ఏళ్లలో చేయలేదు. మా ఆయన ఇప్పుడు మందు సీసా ఇచ్చేటప్పుడు, తాళం వేసే పెట్టె ఉందా అని అడగనిదే ఇవ్వడు. వెంకటేశ్వర్లన్న ఆ గడియ పీకేశాడు. స్వర్ణలత నాతో ఇంకా మాట్లాడదు. మాట్లాడకపోవడమే న్యాయం.

పన్నెండో రోజున వెంకటేశ్వర్లన్న మనవణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గడపలో వదిలాడు. భూపేష్ నేరుగా డబ్బాల దగ్గరికి పోయాడు. నెయ్యి డబ్బా తీసుకుని నా ఎదురుగా కూలబడ్డాడు. మూత తీశాడు, నీళ్లు పోసుకున్నాడు, మూశాడు, తట్ట మీద తలకిందులు చేసి చూసుకున్నాడు. లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు, చేతులు బయటికి తీయమన్నట్టు. తీశాను. డబ్బాను వాటిలో పెట్టాడు.

నేను మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒట్టి నీళ్లు. నమ్మకం చాలక ఇంకోసారి వాసన చూశాను. వాడు కిలకిలా నవ్వాడు. ఆటలో అవ్వ కొత్త వంతు కలిపిందనుకున్నాడు. మిగతా పిల్లలూ నవ్వారు, ఒక్కొక్కరే డబ్బా తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు. రోజూ అట్లాగే తెస్తారు. రోజూ అన్నీ చూస్తాను.